మెరుపెక్కిన మోచేయి

డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో మెరుపు అంటే తప్పు. నల్ల కోటు మీద ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనితే పోగులు అణిగిపోయి, అక్కడ ఒక నున్నటి నిగ తేలుతుంది. దాన్ని ఆ గదిలో మెరుపెక్కడం అంటారు. ఎక్కిన మెరుపు మళ్ళీ దిగదు. అందుకని బట్టకీ పెట్టెకీ మధ్య తడి గుడ్డ వెయ్యాలి. ఇస్త్రీ అక్క ఇరవై రెండేళ్ళు ఆ తడి గుడ్డ వేసింది.

షాపు యజమాని ప్రతి కోటునూ కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి, వెలుగుకు ఏటవాలుగా వంచి చూసేవాడు. ఇరవై రెండేళ్ళలో మూడుసార్లు మాత్రం, "మెరుపెక్కింది. ఎవరు చేశారు?" అన్నాడు. గదిలో ఇస్త్రీ చేసే మనిషి ఆమె ఒక్కతే. అయినా ఆయన అలాగే అడిగేవాడు. ఆమె తల వంచుకునేది.

పక్క బల్ల మీద మరకలు తీసే ముసలాయన పనిచేసేవాడు. మరకల బాబాయ్ అనేవారు అందరూ. ఆయనకు ఆమె చేతి మీద గురి. నీ పెట్టె కింద పెడితే కుక్కతోకైనా తిన్నబడాల్సిందే అమ్మాయ్, అనేవాడు.

కుక్కతోకల్ని తిన్నబరిచిన ఆ చెయ్యే ఒకనాడు మొరాయించింది. మణికట్టులో నరం నొక్కుకుపోయిందనీ, బరువైన పెట్టె ఇక పట్టొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. పెన్ను పట్టుకోవచ్చా అని అడిగితే, పట్టుకోవచ్చంది.

యజమాని చెడ్డవాడు కాదు. ముందు గదిలో కుర్చీ వేయించి, వచ్చిన బట్టలకు నంబరు చీటీలు గుచ్చే పని ఇచ్చాడు. ఆ పని ఎవరైనా చేస్తారు. అదే ఆమెకు మింగుడుపడలేదు. ఉన్నా లేకపోయినా తేడా తెలియని చోట కూర్చోవడం ఆమెకు కొత్త. ఇంటికి వచ్చి కిటికీ తెరల్నీ దుప్పట్లనీ ఉత్త చేత్తో సాఫు చేస్తూ ఉండేది.

చెల్లెలి కూతురు ఆమెతోనే ఉంటుంది. ఆ పిల్లది కంప్యూటర్ లోపలి లోకానికి బట్టలు కుట్టే పని. మనుషులు ఇళ్ళలో కూర్చుని, ఆ లోకంలో తమ బదులు ఒక బొమ్మను నడిపిస్తారు. దాన్ని అవతార్ అంటారు. దానికి ఆకలీ లేదు, చలీ లేదు, బట్టల మోజు మాత్రం మనకంటే నాలుగాకులు ఎక్కువ. పిల్ల కత్తిరింపు బాగుంటుంది. బట్టకు నిగ పుయ్యడం దగ్గరే చెయ్యి తడబడుతుంది. శాటిన్ వేస్తే ప్లాస్టిక్ సంచిలా తేలేది.

ఆ లోకంలో పేరున్న ఒక బట్టల దుకాణం మెరిసే బట్టలకు రంగులు వేసే మనిషి కోసం చూస్తోందని ఒకరోజు పిల్లే చెప్పింది. నల్ల శాటిన్ కోటు ఒకటి వేసి పంపాలి. నాలుగు వారాల గడువు. మనిషికి ఒక్కటే కోటు. నచ్చితే నెలనెలా పని ఉంటుంది. నాకు రాదులే పెద్దమ్మా, అని కూడా అంది.

"నేను వేస్తా" అంది పెద్దమ్మ.

పిల్ల నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. పిల్ల లేచి కుర్చీ ఖాళీ చేసింది.

పెన్ను కంప్యూటర్‌కు తగిలించిన పలక మీద ఆనుతుంది, గీత తెర మీద పడుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదరడానికే మూడు రోజులు పట్టింది. మొదటి వారం ఆమెకు మెరుపంటే తెలుపే. కోటు నిండా తెల్లగీతలు పెట్టింది. ఇది శాటిన్ కాదు పెద్దమ్మా, సుద్దముక్కతో గీసిన చారల గుర్రం, అంది పిల్ల.

రెండో వారం వీడియో పాఠాలు విన్నది. బల్ల మీద ఒక చెంచా, ఒక శాటిన్ రిబ్బను, పాత తోలు సంచి పెట్టుకుని చూసింది. మెరుపు తెల్లగా ఉండదు. దాని పక్కన చీకటి ఉండాలి, ఆ చీకటికీ దానికీ నడుమ బూడిద రంగు రెండు మెట్లు దిగాలి. తోలు మీద వెలుగు అంచు గీసినట్టు తెగుతుంది. శాటిన్ మీద కరిగిపోతుంది. తెర మీద కోటు ముక్కలుగా పరిచి ఉంటుంది, ముందు భాగం, వీపు, చేతులు వేరువేరుగా. ముందు మొదలైన వెలుగు పక్క కుట్టు దగ్గర వీపు మీది వెలుగుతో కలవాలి. ఈ ఒక్కటీ ఆమెకు కొట్టిన పిండి. ఏ కుట్టు ఎక్కడ ఏ కుట్టును తాకుతుందో ఆమె వేళ్ళకు తెలుసు.

మూడో వారానికి అన్నీ కుదిరాయి. అయినా కోటుకు ప్రాణం రాలేదు. షాపు అద్దాల వెనక వేలాడదీసిన కోటులా ఉంది. ఎక్కడ తప్పు ఉందో ఇద్దరికీ అంతుపట్టలేదు. చివరికి పిల్ల పక్కన కుర్చీ వేసుకుని, పెద్దమ్మ చేతినే చూస్తూ కూర్చుంది.

"ఆగు పెద్దమ్మా. ఇప్పుడేం చేశావు?"

"ఏం చెయ్యలేదే."

"ముడత వేశావు. వేసి నువ్వే చెరిపేశావు."

పెద్దమ్మ నమ్మలేదు. పిల్ల తెర మీది పనిని వెనక్కి నడిపి చూపించింది. మోచేతి దగ్గర పదకొండు ముడతలు వేసింది. పదకొండూ తీసేసింది. కింద నుంచి పైకి, ఎడమ నుంచి కుడికి, పెట్టె నడిచే దారినే పెన్ను నడిచింది. ముడత లేని బట్ట మీద వెలుగు జారిపోతుందే తప్ప నిలవదు. చెయ్యి తనకు తెలియకుండానే ఇరవై రెండేళ్ళ పని చేసుకుపోతోంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నవ్వు ఆగాక ఆమెకు భయం వేసింది. ఇక వారమే ఉంది.

మరునాడు షాపులో, మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు, మరకల బాబాయ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. మనిషి ఒంటి మీద ముడత ఎక్కడ పడుతుంది బాబాయ్, అని అడిగింది. ఆమె దగ్గరికి బట్టలు ఉతికాకే వచ్చేవి. ఆ ముడతలు మిషనువి. ఒంటి ముడతలు చూసేది ఆయనే. నెల రోజులుగా ఆ బట్టలకే చీటీలు గుచ్చుతున్నా ఆమె ఒక్కదాన్నీ విప్పి చూడలేదు.

ఆయన ఒక కోటు పరిచాడు. ఈ మనిషి ఎడమ మోచెయ్యి బల్లకు ఆనించి రాస్తాడన్నాడు. ఇంకొకటి తీసి, ఈవిడ జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడుతుందన్నాడు. తర్వాత, ఏడాదిగా ఎవరూ తీసుకుపోని నల్ల శాటిన్ కోటు ఒకటి బీరువాలో ఉందని గుర్తొచ్చి తెచ్చాడు. నువ్వు వేసుకో బాబాయ్, అంది ఆమె.

బాబాయ్ కోటు తొడుక్కుని పెళ్ళికొడుకులా కిటికీ ముందు నడిచాడు. టీ గ్లాసు ఎత్తాడు. వంగాడు. ఆమె కన్నార్పలేదు. భుజం మీద వెలుగు ఒకే పాయగా పారుతోంది. మోచెయ్యి వంగగానే అది చిన్న చిన్న ముక్కలై, ముక్కల మధ్య చీకటి నిండుతోంది. మోచేతి మొనలో మాత్రం వేరే వెలుగు ఉంది. అరిగిన వెలుగు. ఆనించి ఆనించి పోగులు అణిగిన చోటు.

అప్పుడే యజమాని లోపలికి వచ్చాడు. బాబాయ్‌ని పైనుంచి కిందికి చూశాడు. ఆయన చెయ్యి పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు.

"మెరుపెక్కింది. ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదండి," అంది ఆమె, తల వంచుకోకుండా. "తొడుక్కున్నారు."

ఆ వారం ఆమె కోటును మొదటి నుంచీ వేసింది. పెన్ను చదును చెయ్యబోయినప్పుడల్లా ఎడమచేత్తో కుడిచేతి మీద చిన్న దెబ్బ వేసుకునేది. భుజం ఒక పూటలో అయింది. మోచేతికి మూడు రోజులు పట్టింది. అన్నీ అయ్యాక మోచేతి మొనలో, రూపాయి బిళ్ళంత మేర, అరిగిన వెలుగు అద్దింది.

పిల్ల తెర దగ్గరికి వంగింది. కొత్త కోటు అడిగారు పెద్దమ్మా, వాడిన కోటు ఎవడు కొంటాడు, తీసెయ్యి, అంది. ఒక్కసారే పంపాలని గుర్తుచేసింది. ఆమె పెన్ను ఎత్తింది, ఆ బిళ్ళ మీదికి తెచ్చింది, ఆలోచించింది.

"ఇది తీస్తే ఇస్త్రీ అయిపోతుంది" అని పెన్ను కింద పెట్టింది.

అలాగే పంపారు.

తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. కోటు తీసుకున్నారు. పనీ ఇచ్చారు. కింద ఒక ప్రశ్న ఉంది, మోచేతి మీది అరుగుదల ఏ పద్ధతిలో తెచ్చారని. పిల్ల వేళ్ళు మీటల మీద పెట్టి, ఏం రాయమంటావంది.

"తడి గుడ్డ వెయ్యకుండా అని రాయి."

పిల్ల అలాగే రాసింది. అవతల ఏం అర్థం చేసుకున్నారో తెలియదు. మరునాడు ఒక వానకోటు, ఒక జత తోలు బూట్లు, ఒక వెండిరంగు గౌను వేసిమ్మని వచ్చాయి.

కోటు అమ్మకానికి పెట్టిన మూడో రోజున పిల్ల ఆమెను ఆ లోకంలోకి తీసుకువెళ్ళింది. ఏదో రేవు. గట్టు మీది కమ్మీల పక్కన మనుషులు తిరుగుతున్నారు. ఒకటి, రెండు, అదుగో ఇంకొకటి, ఆమె కోట్లే. ఒకతను మోచెయ్యి కమ్మీకి ఆనించి నీళ్ళు చూస్తున్నాడు. ఆమె అవతార్ అతని చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఏమైనా కావాలా అని అతను రాశాడు. ఏం లేదు, పక్క కుట్టు కలిసిందో లేదో చూస్తున్నానని పిల్లను రాయమంది. అతను కోటు సర్దుకున్నాడు.

సోమవారం పొద్దున షాపుకు వెళ్ళి, చీటీల కుర్చీ ఖాళీ చేస్తున్నానని చెప్పింది. ఎందుకో చెప్పడానికి పిల్ల ట్యాబ్ తెరిచి కోటు చూపించింది. బాబాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి యజమాని భుజం మీంచి తొంగి చూశాడు. ఆ చెయ్యి నాదే, అన్నాడు.

యజమాని జేబు తడుముకున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ట్యాబ్‌ను రెండు చేతులా పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. ఎప్పటిలాగే వెలుగుకు ఏటవాలుగా వంచాడు. ముందు భాగం చూశాడు, వీపు చూశాడు, చెయ్యి దగ్గర ఆగాడు.

"మెరుపెక్కింది," అన్నాడు నెమ్మదిగా. "ఎవరు చేశారు?"

"నేనే చేశానండి" అంది ఇస్త్రీ అక్క.