మూత ఎత్తిన మామ

మా మామ బోరు వేస్తే భూమికి అవతలివైపు జనం కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునేవారు. నమ్మనివాళ్లని మా వీధికొచ్చి ఆ నీళ్లు తాగి చూడమని సవాలు చేసేవాణ్ణి. ఇప్పుడు ఆ సవాలు చేయడం లేదు.

వీధిలో పిల్లల అరచేతులు గరుకెక్కి మచ్చలు తేలాయి. నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందేమో చూడమన్నాడు డాక్టరు. మామ పరీక్ష పెట్టె తెచ్చాడు. బడి ఎగ్గొట్టిన నాకే ఒక్కసారి చూస్తే వచ్చేసింది. సీసాలో నీళ్లు పోసి, పొడి కలిపి, మూత లోపల తెల్ల కాగితం ముక్క పెట్టి బిగించాలి. ఒక కాగితం ఒక్కసారికే పనికొస్తుంది. లోపల పుట్టే ఆవిరి కాగితానికి తగిలి, విషముంటే పసుపు, మరీ ఎక్కువుంటే గోధుమరంగు వస్తుంది.

మా బోరు నీళ్లకు కాగితం మాడిన రొట్టెలా అయింది.

"పొడి పాతదిరా," అన్నాడు మామ. మళ్లీ చేశాడు. "సీసా సరిగ్గా కడగలేదు." మళ్లీ అదే రంగు. "నువ్వు దాని మీద ఊపిరి వదిలావు!"

"నా ఊపిరికి అంత బలముంటే మామా, బోర్లన్నీ నేనే నోటితో ఊది వేసేవాణ్ణి."

ఆయన నవ్వలేదు. గుమ్మంలో ఆయన కూతురు, మా మరదలు, నిలబడి ఉంది, నిండు నెలలతో. పుట్టినప్పటి నుంచీ ఆమె తాగింది ఆ నీళ్లే.

అలా తగువాడుతూ కాగితాలన్నీ తగలేశాడు. ఒక్కటే మిగిలింది. కొత్తవి ఎప్పుడొస్తాయో చెప్పలేనన్నాడు కొట్టువాడు. నీళ్ల బండి రావడం ఎప్పుడో మానేసింది. రైలు పట్టాల అవతల మామ వేసిన ఇంకో బోరుంది. అది మంచిదైతే మా మరదలికి ఆ నీళ్లే.

క్యాను నిండా నీళ్లు పట్టి, వాటిలోంచే సీసాలో పోసి, పొడి కలిపి, మిగిలిన ఆ ఒక్క కాగితం పెట్టి మూత బిగించాం. పొడి బుసబుసలాడింది. బోరు వేసేవాళ్లకు లోపల చప్పుడైతే వంగి చూడందే ప్రాణం ఆగదు. మామ చెయ్యి దానంతటదే వెళ్లి మూత ఎత్తింది.

"మామా!"

గబుక్కున బిగించాడు. ఆవిరి అప్పటికే గాల్లో కలిసిపోయింది. కాగితం మాత్రం తెల్లగా ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి మరదలు గ్లాసు పట్టుకుని ఎదురొచ్చింది. "ఏ రంగొచ్చింది బావా?"

మాటలతో ఏనుగునైనా చెట్టెక్కించగల నేను మామ వెనక్కి జరిగాను.

"తెల్లగానే వచ్చిందమ్మా," అన్నాడు మామ.

"హమ్మయ్య! పొద్దుట్నుంచీ గొంతు ఎండిపోతోంది నాన్నా." క్యాను కోసం చెయ్యి చాపింది.

మామ దాన్ని వెనక్కి లాక్కున్నాడు. "వద్దు తల్లీ. మధ్యలో మూత ఎత్తాను. అసలు రంగేంటో తెలీదు."

"మరి నేనేం తాగను?"

మామ క్యానుని రెండు చేతులా వాటేసుకుని గుమ్మంలో కూలబడ్డాడు. ఆమె గ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది.