తాళం వేసిన ఇళ్ల జ్వరాలు

1992 వానాకాలం. ఫిలింనగర్ బస్తీలో ఫ్లూ ఎంతమందికి సోకిందో మూడొందల గడపలెక్కి తేల్చినవాణ్ణి నేను, ఒక్కణ్ణే! అప్పట్లో సర్కారు దవాఖానాలో హెల్త్ ఇన్‌స్పెక్టర్ని.

మా రిజిస్టర్ చూస్తే బస్తీ అంతా నిక్షేపంగా ఉన్నట్టే. అందులోకెక్కేది డాక్టరు దాకా వచ్చినవాళ్లే కదా. రానివాళ్ల కోసమే హౌస్ సర్వే, అంటే ఇంటింటికీ వెళ్లి అడగడం. జ్వరాలు ఎక్కువని తేలితే బస్తీలోనే మెడికల్ క్యాంపు పెడతామన్నారు పైవాళ్లు. తేలకపోతే లేదు.

పొద్దున పదకొండింటికి వెళ్లాను. సగం ఇళ్లకు తాళాలు. జ్వరం గడిలో సున్నాలు చుట్టుకుంటూ పోయాను. పని ముగించి జూబ్లీ హిల్స్ వైపు దిగుతుంటే యాదమ్మ అడ్డమొచ్చింది. సినిమాల్లో గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు. తల్లికి ఆయాసమని ఆ రోజు షూటింగ్ మానేసింది.

"గీ సున్నాలేంది సారూ?"

"తాళాలున్నాయమ్మా. మనుషుల్లేని ఇంట్లో జ్వరమేమిటి?"

"జరంతోనే షూటింగుకు పోయిండ్రు! ఒక్కపూట పండుకుంటే రేపు ఏజెంటు వ్యాన్ ఎక్కనియ్యడు. గోలీ మింగి, మొకానికి రంగేసుకొని, పెండ్లి సీన్ల అక్షింతలు ఏస్తుండ్రు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"మా అమ్మను గీ గుట్ట దింపి నేను తీస్కపోలేను. డాక్టరే రావాలె. నీ సున్నాలు చూసి వస్తడా?"

బాగా ఆలోచించి, షూటింగ్ వ్యాన్లు తిరిగొచ్చే సాయంత్రం వేళకు మళ్లీ గుట్టెక్కాను. వ్యాన్లు దిగేవాళ్ల దగ్గులే ముందు వినిపించాయి, మాటలు తర్వాత. సున్నాలు కొట్టేసి కొత్తగా రాశాను. పొద్దుటి లెక్కకు పోలికే లేదు.

ఆ వారమే క్యాంపు వచ్చింది, అదీ సాయంత్రంపూట. యాదమ్మ తల్లికి జ్వరం ముదిరి నిమోనియాలోకి దిగిందని డాక్టరు తన జీపులోనే పెద్దాసుపత్రికి పంపాడు. కొన్నాళ్లకు ఆవిడ తన కాళ్లతోనే గుట్టెక్కి, నాకు పల్లీలు పెట్టింది.

మూడొందల గడపలన్నాను కదూ? నిజానికి నేను తిరిగింది మూడు గల్లీలే. మిగతావి యాదమ్మా, ఆమె తోటివాళ్లూ తిరిగి చెబితే మెట్ల మీద కూర్చుని రాశాను. తెలియనిచోట తెలియదనే రాయాలి, సున్నా రాయకూడదని అప్పుడు నేర్చుకున్నాను.

మొన్న ఇదంతా యాదమ్మకు చదివి వినిపించాను.

"ఆలోచించి మళ్లొచ్చినవా? నీ కాయితాల సంచి గుంజుకుంటే ఎంటవడి వచ్చినవ్ సారూ. వ్యాన్లొచ్చేదాంక నేను ఇయ్యలే!"