క్రీముతో పూసిన తంగేడు

కౌసల్య పొయ్యి మీద ఎప్పుడూ ఒక కుక్కరుంటుంది. దానికి విజిలు లేదు, లోపల నీళ్లు లేవు, అడుగున రెండు వేళ్ల మందాన ఉప్పు పోసి ఉంటుంది. ఓవెన్ కొనుక్కోమంటే, "ఉప్పు కాగితే చాలదా?" అంటుంది. మర్రిగూడ దగ్గరి మా ఊళ్లో కేకు వాసన వచ్చే ఇల్లు అదొక్కటే. ఆ వాసన మా అంగన్‌వాడీ దాకా వస్తే పిల్లలు ఆట ఆపి, కళ్లు మూసుకుని, ముక్కులు ఎగబీలుస్తారు. నేను వాళ్ల టీచరుని. నేనూ అంతే.

ఒకప్పుడు ఆమె పేరు చెప్తే గుర్తొచ్చేది బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు వరస తప్పకుండా పేర్చుకుంటూ పోయేది. అది వాకిట్లో పెడితే దాని వెనక మనిషి కనపడేది కాదు. నాలుగేళ్ల కింద పెనిమిటి సైదులు పత్తిచేనులోనే గుండె ఆగి పోయాడు. ఆ ఏడు మైల అని ఆడలేదు. తర్వాతా ఆడలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. పక్కింట్లోనే ఉన్న నేనూ అనలేదు, ఊరి నోట్లో ఎందుకు పడాలని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ మధ్య దేవరకొండలో అక్క ఇంట్లో ఏడాది ఉండి, ఒక బేకరీలో డబ్బాలు కట్టే పని చేసింది. కేకుల మీద పూలు వేసే మాస్టరు చేతిని చూస్తూ చూస్తూనే పని పట్టేసింది. తిరిగొచ్చాక ఊళ్లో పుట్టినరోజు కేకులన్నీ ఆమెవే. పూలు కోయడం మాత్రం మానేసింది. చేని గట్టున తంగేడు విరగబూసినా చెయ్యి చాపేది కాదు.

పోయిన సద్దుల బతుకమ్మకు, అంటే పెరుగన్నం సద్దులు కట్టే ఆఖరి రోజుకు, పిల్లలకని చిన్న చిన్న కప్పు కేకులు చేసిమ్మని అడిగాను. "తోట లెక్క ఉండాలె," అన్నాను.

"మన దిక్కు తోట ఏడిదక్కా?" అని నవ్వింది.

"నువ్వు చూసిన తోటనే చెయ్యి."

మధ్యాహ్నం వెళ్లి గడపలోనే ఆగిపోయాను. క్రీము గిన్నె ఐసు నీళ్లలో కూర్చుంది. ఆమె కోను నొక్కుతుంటే పసుపు రేకలు ఒక్కటొక్కటిగా విచ్చుకుంటున్నాయి. బీట్‌రూట్ రసం తగిలి గునుగు కొసలు ఎరుపెక్కుతున్నాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ పాట బయటికి రావడం లేదు. బయట ఎండకు చేలన్నీ మసకగా ఊగుతున్నాయి. ఆ ఇల్లే మెల్లగా ఎటో తేలిపోతున్నట్టు, అందులో నేనూ పోతున్నట్టు అనిపించింది. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

కేకులను ఆమె తాంబాళంలో గుండ్రంగా పేర్చింది. మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద చిన్న పళ్లెం పెట్టి, మరో వరస. దాని మీద ఇంకో వరస. కింద తంగేడు, పైన గునుగు, ఆ పైన బంతి, కొసన ఒకే ఒక్క కేకు. తెలిసి పేర్చిందో, చెయ్యి అలవాటుగా పోయిందో నేనడగలేదు.

"నువ్వే పట్కపో అక్కా. నేను రాను," అంది.

ఆ ఏడు చెరువులోకి నీళ్లు రాలేదు. పరమేష్ తన గొర్లు నీళ్లు తాగే తొట్టి కడిగి, నింపి పెడితే ఊరి ఆడవాళ్లంతా అక్కడే చేరారు. పొద్దు వాలుతోంది. దుమ్ము కూడా బంగారు రంగులో తేలుతోంది. వేరే చోటు లేక నా తాంబాళం బతుకమ్మల పక్కనే పెట్టాను. పసుపు గౌరమ్మను పెట్టేది ఏటా ముసలి మారెమ్మే. ఆమెకు చూపు ఆనదు. ఆనదనే మేమంతా అనుకుంటాం. చేత్తో తడుముకుంటూ వచ్చి, కొసనున్న కేకు మీద పసుపు ముద్ద పెట్టి దండం పెట్టింది.

నా పక్కనున్న జానమ్మ గబుక్కున మారెమ్మ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, గది బతుకమ్మ కాదే, కేకు!" అంది.

"ఎవలు పేర్చిన్రు?"

"కౌసల్య," అన్నాను.

"గుడ్డు ఏసిందా?"

"లేదవ్వా, పెరుగేసింది."

"పెరుగైతే సద్దే గదా. గౌరమ్మను కూసోవెట్టినంక లేపుతరా ఎవలన్న? పేర్చినామెనే ఎత్తుకోవాలె. పో, పిల్సుకరా."

నేను పరుగెత్తాను. కౌసల్య చేతులకు ఇంకా మైదా అంటుకునే ఉంది. విని రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దక్కా. రేపెవలి పిల్లగానికన్న జరమొస్తే, గా మొగడు లేనామె ఎత్తుకున్నది గందుకే అంటరు."

"అంటే నన్ననమను! మూడేండ్ల సంది నిన్ను నేను పిలువాలె, పిలువలే. గిప్పుడు పిలుస్తున్న. రా." గట్టిగానే అరిచాను. కోపం ఆమె మీద కాదు.

వచ్చింది. తాంబాళం తల మీదికి ఎత్తుకుంది. జానమ్మ జరిగి చోటిచ్చింది. ఎవరో పాట అందుకున్నారు. ఆమె నోట మొదట గాలే వచ్చింది, తర్వాత గొంతు వచ్చింది. వలయం తిరుగుతుంటే క్రీము కరిగి, పసుపు చుక్కలు ఆమె నుదుటి మీదికి జారాయి. ఆమె తుడుచుకోలేదు.

గౌరమ్మతో పాటు కొసన ఉన్న కేకు నీళ్లలో తేలింది. మిగతావి పిల్లలు మూతుల నిండా తంగేడు పూసుకుని తింటున్నారు. ఆడవాళ్లు కొంగులు పట్టి ఒకరికొకరు సత్తుపిండి వాయినాలు ఇచ్చుకుంటున్నారు. కౌసల్య ఖాళీ తాంబాళం చంకన పెట్టుకుని ఇంటి దారి పట్టింది. తన వంతు అయిపోయిందనే అనుకుంది.

నేను సత్తుపిండి పట్టుకుని ఎదురు వెళ్లి నిలబడ్డాను.

"ఇస్తినమ్మ వాయినం," అన్నాను.

నా మొహంలోకి చూసింది. తాంబాళం కింద పెట్టింది. కొంగు చాపబోయి ఆగింది. ఇంకోసారి అన్నాను.

"పుచ్చుకుంటినమ్మ వాయినం," అంది. కొంగు చాపింది. మూడేళ్లూ ఆ మాట ఆమె దగ్గరే ఉంది. ముందు నేను అనాల్సింది నేను అనలేదు, అంతే.