ఎండ్రకాయ బొక్క

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం పోయే బస్సులోంచి చూస్తే, భుజాన పారతో కాలువ గట్టు మీద సన్యాసినాయుడు రోజూ కనిపిస్తాడు. నీళ్ళలో దిగేముందు చెప్పులు విడిచి, దోసెడు నీళ్ళు కళ్ళకద్దుకుంటాడు. దారిలో పాకే నత్తనైనా తొక్కడు. అలాంటివాడు, మూడో ఏడు కూడా వానలు మొహం చాటేసి ఊడ్చిన వరి ఎర్రబారుతుంటే ఆగలేకపోయాడు. ఆ రోజు కాలువ నీటి వంతు అతనిది కాదు, పక్క మడి అచ్చియమ్మది. ఆమె అన్నానికి వెళ్ళిన సందు చూసి, ఇద్దరి మధ్య గట్టుకి గునపంతో అడుగున బొక్క పెట్టాడు. అచ్చం ఎండ్రకాయ తొలిచినట్టే మట్టి గుళికలు కూడా పేర్చాడు.

అచ్చియమ్మ వచ్చేసరికి ఆమె మడి సగమైనా తడవలేదు. అతని మడి తళతళలాడుతోంది. తడిమట్టి అంటిన గునపం గట్టు మీదే ఉంది. ఆమె దాన్ని చూసింది, చూపు తిప్పేసుకుంది.

“ఓలమ్మ, ఎండ్రకాయ బొక్కరా తమ్ముడూ! నీరంతా నీకాడికే ఎలిపోనాది.”

“ఔనప్పా,” అన్నాడు, తల ఎత్తకుండా.

“ఈ కరువుకి ఎండ్రకాయలన్నీ సచ్చిపోనాయనుకున్నాను. మళ్ళీ వచ్చినాయంటే మన మంచికేలే. నా సేతికి మట్టి నిలవదు, నువ్వు కప్పీ.”

అతను మోకాళ్ళ మీద కూర్చుని బొక్క పూడ్చాడు. చేతులు కడుక్కుని, అలవాటు కొద్దీ దోసెడు నీళ్ళు కళ్ళదాకా తెచ్చాడు. అద్దుకోలేకపోయాడు. గట్టు మీంచి వంగి, ఆమె మడిలో వదిలేశాడు.