గేటు దగ్గరి లచ్చవ్వ రాయి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వేసవి మొదట్లో, నన్ను సోలాపూర్ సెక్షన్‌కు ఇంజనీరుగా వేశారు. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతగాళ్ల పేటకూ బీడీ కార్ఖానాలకూ నడుమ ఉన్న లెవెల్ క్రాసింగ్ మూసేసి, పట్టాల కింద సబ్‌వే కట్టించడం నా పని.

ఏ గేటును ముందు మార్చాలో తేల్చడానికి రైల్వేలో ఒక లెక్క ఉంది. పోయే రైళ్లను రోడ్డు మీద పోయే బండ్లతో హెచ్చవేస్తారు. కాలినడకన దాటేవాళ్లు ఆ లెక్కలోకి రారు. ఇక్కడ పొద్దున్నే దాటేది ఎక్కువగా వాళ్లే. ఆలస్యమైతే, ఇంట్లో చుట్టి తెచ్చిన బీడీలు కార్ఖానాలో తీసుకోరు. అందుకని ఆడవాళ్లు తట్టలు చంకన పెట్టుకుని, మూసిన గేటు కిందినుంచి దూరేవారు.

సబ్‌వేకు పోతపోసిన కాంక్రీటు పెట్టెలు పట్టాల కిందికి దించాలంటే కొన్ని గంటలు రైళ్లు ఆపాలి. దాన్ని బ్లాక్ అంటాం. మాకు ఒక ఆదివారం దొరికింది. అది తప్పితే మళ్లీ వానలు వెలిశాకే. సరిగ్గా ఆ వారమే తవ్వకం ఆగిపోయింది. సబ్‌వే దారికి అడ్డంగా పసుపు పూసిన రాయి ఒకటుంది. కదిపితే ప్రాణం పోతుందని కూలీల పెద్ద, ముకద్దం, చేతులెత్తేశాడు. నా కింది ఇంజనీరు ఒకాయన శాంతి చేయిద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. దేవతే కాపలా ఉంటే ఈ గేటు దగ్గర చావులెందుకని చాలాసేపు వాదించాను. ఒక్క గడ్డపార లేవలేదు.

తట్టతో నిలబడి వింటున్న లచ్చవ్వ అనే ముసలావిడ నవ్వింది.

"ఏంది సాబ్, గంత పెద్ద రైలు నడుపుతరు, గీ రాయికి భయపడ్తున్రా?"

"దేవి ఉన్నది అవ్వా, నోరు జర సంబాళించుకో" అని ముకద్దం కసిరాడు.

"ఏ దేవిరా! అది నేను పెట్టిన రాయి. నా పెనిమిటి లూమ్ డూటీకి పోతూ ఈడనే రైలుబండి కింద పడ్డడు. దాటేటోళ్లు జర ఆగి చూస్తరని పెట్టిన. పసుపు ఎవలు పూసిన్రో నాకేం ఎరుక?"

తట్ట పక్కనున్న కోడలి చేతికిచ్చి, గడ్డపార అందుకుని తనే రాయిని పెకిలించింది. ఇంకోచోట నిలబెట్టించమంటావా అని అడిగాను.

"కింద తొవ్వ అయినంక బండి కింద ఎవలు పడ్తరు సాబ్? గోడలకెయ్యి, కామొస్తది."

ఆదివారం పెట్టెలు దిగాయి. రాయి ఇప్పుడు సబ్‌వే పక్కగోడలో ఉంది.

తర్వాత ఏ పనికి అడ్డంగా గుడి ఉన్నా, గోరీ ఉన్నా, జెండా దిమ్మె ఉన్నా నేను మొదట అడిగింది ఒకటే: దీన్ని ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? దేవుడున్నాడా లేడా అన్న వాదన సభలో చేసుకోవచ్చు. తవ్వకం దగ్గర దానికంటే ముందు ఈ ప్రశ్న అడగాలి.