చిల్లుల పిన్ని చూసిన ఫిల్టర్లు

చిల్లుల పిన్ని ఎక్కడ అని అడిగితే ఆ వీధిలో ఎవరైనా లాండ్రీ షాపు వెనక గది చూపిస్తారు. పేరు వింటే నవ్వొస్తుంది గానీ అది ఆవిడ కష్టార్జితం. ఎలుకలు కొట్టిన శాలువాలు, సిగరెట్టు కాలిన ప్యాంట్లు ఆవిడ దగ్గరికి వస్తాయి. బట్టను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, మన కంటికి ఆనని చిల్లు కూడా పట్టేసి, ఆ బట్టలోంచే పోగులు లాగి రఫూ చేస్తుంది. చిరిగితే అవతల పారేసే రోజులొచ్చాయి కనక ఈమధ్య పని పలచబడింది. ఉండేది అన్నయ్య ఇంట్లో. ఆ సంగతి ఆవిడ మర్చిపోకుండా వదిన చూసుకుంటుంది.

లాండ్రీ యజమానికి ఆకాశం పిచ్చి. ఆయనా, రిటైరైన లెక్కల మాస్టారూ, అలాంటివాళ్ళే ఇంకొందరూ ఓ క్లబ్బుగా చేరి, మాస్టారి మేడ మీద టెలిస్కోపులు పెట్టుకుని చూస్తుంటారు. సూర్యుణ్ణి చూడాలంటే మాత్రం టెలిస్కోపు మూతికి ఫిల్టర్ తొడగాలి. అంటే అట్ట చట్రానికి అతికించిన నల్లటి ఫిల్మ్. దానికి చిల్లుంటే ఎండ తిన్నగా కంట్లోకి దిగుతుంది, పోయిన చూపు మళ్ళీ రాదు. అందుకే వాళ్ళకో కట్టుబాటుంది. లోపల బల్బు వెలిగే చెక్కపెట్టె మీద ఫిల్టర్ పెట్టి, గది చీకటి చేసి, పిన్ని చేత చూపిస్తారు. వెలుగు చుక్క కనిపిస్తే ఆవిడ దాని మీద నల్లరంగు అద్దుతుంది, మరీ పెద్దదైతే ఫిల్టర్ అవతల పడేస్తుంది. ఆవిడ "బాగుంది" అనందే ఏ ఫిల్టరూ మేడ ఎక్కదు. ఆ ఒక్క మాట కోసం అంతమంది గుమ్మంలో కాచుకోవడం పిన్నికి ఎంత ఇష్టమో ఎవరికీ తెలియదు.

ఈసారి మామూలు సంగతి కాదు. శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటబోతున్నాడు. ఇది తప్పితే, మళ్ళీ దాటేనాటికి ఇప్పుడున్నవాళ్ళు ఎవరూ మిగలరు. ఇరుగుపొరుగునంతా పిల్లాజెల్లాతో మేడ మీదికి పిలిచారు.

పిన్ని కళ్ళు కొన్ని నెలలుగా మోసం చేస్తున్నాయి. ఎటు చూస్తే అటు నడిమధ్యన మసక, చుట్టూ అంచులు మాత్రం తేట. దారం ఎక్కించబోతే సూది బెజ్జమే మాయం. "మందులతో పోయేది కాదమ్మా, పెరగకుండా చూసుకోవాలంతే" అన్నాడు కళ్ళ డాక్టరు. పిన్ని ఆ మాట కడుపులో దాచుకుంది. క్లబ్బులో చెప్పడమంటే యజమానికి చెప్పడమే. చూపు తగ్గిన మనిషికి రఫూ పని ఎవరిస్తారు? వేళ్ళ అలవాటుతో ఎలాగో నెట్టుకొస్తోంది.

ఫిల్టర్లు వచ్చాయి. పిన్ని పెట్టె ముందు కూర్చుని, కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది. ఏమీ లేదు. "బాగుంది" అంది. ఇంకోటి పెట్టారు. "ఇదీ బాగుంది."

"ఈసారి ఫిల్మ్ భలే దొరికిందయ్యా! ఒక్క చిల్లు లేదు" అని మాస్టారు మురిసిపోయాడు.

"పిన్నీ, నీకు పని లేకుండా పోయింది" అని యజమాని వేళాకోళమాడాడు. అందరితో పాటు ఆవిడా నవ్వింది. చిల్లు లేని ఫిల్మ్ ఇన్నేళ్ళలో ఒక్కటీ చూడలేదని ఆవిడకు తెలుసు. తెలిసీ, ఈసారి సరుకే మంచిదయ్యుంటుందని తనకు తనే సర్దిచెప్పుకుంది. మనల్ని మనం మోసం చేసుకోవడానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు.

శుక్రుడు దాటడానికి ముందురోజు సాయంత్రం మేనకోడలు ఆఫీసు నుంచి వస్తూ ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్దామని ఆగింది. పెట్టె మీద ఆఖరి ఫిల్టర్ అలాగే ఉంది, లోపల బల్బు వెలుగుతోంది.

"అత్తా, ఇందులో చుక్కలు చుక్కలుగా ఎంత బాగుందో!"

పిన్ని పెట్టె మీదికి వంగింది. "ఏవే? ఎక్కడ?"

"అదేమిటి, నీ ముక్కు ముందే కదా!"

పిన్ని చప్పున ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నువ్వు చూపించు, నేను రంగు పూసేస్తాను. ఎవరికీ చెప్పకే, నీకు పుణ్యముంటుంది."

"ఇదొక్కటేనా? మిగతావి ఏవీ?"

మిగతావన్నీ ఎవరి టెలిస్కోపుకు వాళ్ళు బిగించుకుంటామని ఇళ్ళకు పట్టుకుపోయారు. తెల్లారితే వాటి ముందు పసిపిల్లలు వరస కడతారు. పిన్ని చెప్పులు కూడా వేసుకోకుండా మాస్టారింటికి నడిచింది. యజమాని కూడా అక్కడే ఉన్నాడు. నీళ్ళు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మా అందరి కళ్ళూ నీ చేతిలో పెట్టాం కదమ్మా" అని మాత్రం అన్నాడు మాస్టారు. తిట్టినా అంత బాధనిపించేది కాదు.

ఫోన్లు చేసి ఫిల్టర్లన్నీ వెనక్కి తెప్పించారు. మేనకోడలు పెట్టె ముందు కూర్చుని చూసింది. అన్నిట్లోనూ రంగు అద్దినా కప్పలేనన్ని చిల్లులు, ఒక్కటీ పనికిరాలేదు. తెల్లారేలోపు కొత్త ఫిల్మ్ ఎక్కడా దొరకదు. ఇక ఎవరూ టెలిస్కోపుకు కన్ను పెట్టకూడదని, ఒక్క టెలిస్కోపులోంచి సూర్యుడి బొమ్మ తెల్లకాగితం మీద పడేలా చేసి అదే అందరికీ చూపించాలని తేల్చారు. ఏళ్ళ తరబడి ఈ రోజు కోసం ఎదురుచూసినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోయారు. యజమాని గుమ్మం దాకా వచ్చి, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో పిన్నీ" అన్నాడు. ఆ విశ్రాంతికి అర్థమేమిటో ఆవిడకు తెలుసు.

అయినా మర్నాడు వెళ్ళింది. మేడ మెట్ల దాకా వరస. ఎవరూ పలకరించలేదు. ఆవిడ వంతు వచ్చాక కాగితం మీదికి వంగింది. తెల్లటి వెలుగు బిళ్ళ ఉంది. చుక్క కోసం పైకి చూస్తే పైన మసక, కిందికి చూస్తే కింద మసక. ఎక్కడ చూపు ఆనితే అక్కడ చెరిగిపోతోంది.

"అంచుకు దగ్గర్లో, నల్లగా, ఆవగింజంత" అన్నాడు మాస్టారు. రాత్రి నుంచి ఆయన ఆవిడతో మాట్లాడింది అదే మొదలు. ఆ గొంతులో కోపం పోయి బతిమాలుతున్నట్టుంది. "కనిపించిందా అమ్మా?"

అవునంటే ఆయన మనసు కుదుటపడేది. పిన్ని ఇంకోసారి చూసింది.

"లేదు మాస్టారూ" అని పక్కకు జరిగింది. "వెనక వాళ్ళను రానివ్వండి."