నాలుక మొదట్లో ఎముక

నిమాయ్ మల్లిక్‌కు చదువు రాదు. ఒంట్లోని ఎముకలన్నీ వచ్చు. చేతులు వెనక్కి పెట్టుకుని, అరచేతిలో పెట్టిన ఎముక ఏదో, కుడిదో ఎడమదో చెప్పేవాడు. మణికట్టులోని బఠాణీ గింజంత ఎముక దగ్గర మాత్రం కొంచెం ఆగేవాడు.

ఉత్తర కలకత్తాలో ఒక వైద్య కళాశాల. అక్కడి డిసెక్షన్ హాలులో అతని తండ్రి పనిచేశాడు. తండ్రి తర్వాత అతను. తరతరాలుగా శవాల పని చేసే కులం, డోములు కాక ఆ పని ఇంకెవరు చేస్తారని ఎవరూ అడగలేదు, అతనూ అడగలేదు. ఎంత కడుక్కున్నా చేతుల వాసన పోయేది కాదు. అందుకని అన్నం చెంచాతో తినేవాడు. చెంచాతో ఇలిష్ ముళ్ళు తీయలేక ఆ చేప తినడమే మానేశాడు.

పరీక్షలు దగ్గరపడితే పిల్లలు టీ పట్టుకుని అతని చుట్టూ చేరేవారు.

"నిమాయ్‌దా, ఈ తొడ ఎముక కుడిదా, ఎడమదా?"

"ముందు తిప్పి పట్టుకో దాదాబాబూ. గుండ్రటి తల పైన ఉండాలి. నీ లెక్కన వీడు మోకాలి మీద టోపీ పెట్టుకునేవాడు."

ఆ పేర్లన్నీ అతనికి నేర్పినవాడు అబనీ భాదురీ. ముప్పై ఏళ్ళు అక్కడే పాఠం చెప్పాడు. ఒకసారి నిమాయ్ తెలియని ఎముకకు ఏదో పేరు చెప్పేస్తే, భాదురీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తెలియకపోతే తెలియదు అను. ఎముక ముందు నిలబడి అబద్ధం చెప్పకురా."

ఏటా మొదటి తరగతిలో ఆయన ఒకటే ప్రశ్న వేసేవాడు. ఒంట్లో ఏ ఎముకనూ తాకని ఎముక ఏది? పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అప్పుడు తన గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి గుటక వేసేవాడు. ఇక్కడుంది, హయాయిడ్. చిన్న గుర్రపు నాడా లాంటిది. కండరాల మీద వేలాడుతుంది. ఇది లేకపోతే మింగడం కష్టం, మాట కష్టం. నాలుక దీన్నే పట్టుకుని బతుకుతుంది.

అస్థిపంజరాలు కట్టేవాళ్ళు ఎక్కువగా పారేసుకునేదీ అదే. అందుకని నిమాయ్‌కు ఒక అలవాటు ఉండేది. పిల్లలు మెడ కోసే వారాల్లో, ప్రతి బల్ల కింది బకెట్లోనూ చెయ్యి పెట్టి వెతికి ఆ ఎముకను తీసి దాచేవాడు. ఎవరిదో తెలియనివి ఒక డబ్బాలో వేసేవాడు. మిగిలిన మెత్తటి భాగాలను శనివారం భవనం వెనక ఇటుకల గుంటలో కాల్చేవాడు. బకెట్లో చెయ్యి పెట్టడానికి అతను ఎన్నడూ వెనకాడలేదు.

రిటైరైన కొన్నేళ్ళకు భాదురీ తన దేహాన్ని కళాశాలకు రాసిచ్చాడు. కోత పూర్తయ్యాక ఎముకలు హాలులో నిలబెట్టాలని, కట్టే పని నిమాయ్ మల్లిక్ చెయ్యాలని, ఒక్క ఎముకా తక్కువ కాకూడదని కాగితంలో రాశాడు. రాసినరోజు నిమాయ్‌ను పిలిచి చదివి వినిపించాడు.

"హయాయిడ్ లేకుండా నిలబెట్టావంటే చూడు. క్లాసులో నోరు తెరవలేను."

"అలాగే స్యార్," అన్నాడు నిమాయ్. అతను ఇచ్చిన పెద్ద మాట అదొక్కటే.

మూడేళ్ళకు ఆయన వచ్చాడు, బండిలో. వెంట భార్య చారుశీల, కూతురు కేతకి. గుమ్మం దగ్గర ఎవరో బంధువు చారుశీల చేతికున్న శంఖం గాజుల కేసి చూశాడు. ఆమె చూపు దించలేదు.

"నిప్పు పెట్టారా? పెట్టలేదుగా. నిప్పు పడకుండా నేను విధవనెలా అవుతాను? గాజులు నావి, ఉంటాయి."

పాపిట సిందూరంతోనే ఆమె వెనక్కి వెళ్ళింది.

ఆయన బల్ల కిటికీ పక్కన వేశారు. పిల్లలు చేతులతో మొదలుపెట్టారు, తర్వాత కాళ్ళు, పొట్ట, ఛాతీ. అన్నాళ్ళూ నిమాయ్ ఆయన మొహం మీద తడిగుడ్డ కప్పి ఉంచాడు. మెడ వారం వచ్చింది. గుడ్డ తీశారు. అతను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. సాయంత్రం బల్లలన్నిటి కిందా బకెట్లు వెతికాడు. కిటికీ పక్కన బకెట్ దగ్గర వంగాడు. చెయ్యి లోపలికి పోలేదు. పిల్లలే తీసి సీసాలో వేసి ఉంటారనుకున్నాడు. మొహం పక్కకు తిప్పుకుని బకెట్ ఎత్తుకుపోయాడు. శనివారం గుంటలో అన్నిటితో పాటు అదీ కాలింది.

తెలిసింది చాలా నెలల తర్వాత. ఎముకలు సోడాలో ఉడికాయి, మేడ మీద ఎండాయి. కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి, చిన్న బరమాతో చిల్లులు వేస్తూ, ఇత్తడి తీగతో కట్టుకుంటూ పైకి వచ్చాడు. మణికట్టులోని బఠాణీ గింజలు రెండూ ఉన్నాయి. చెవిలోని ఎముకలు కూడా ఉన్నాయి, గాజు గొట్టంలో. మెడ దగ్గరకు వచ్చాక చెయ్యి ఆగిపోయింది. సీసాలన్నీ వెతికాడు. పిల్లలను అడిగాడు. గుంటలో బూడిద జల్లెడ పట్టాడు. అందులో ఎందరిదో బూడిద ఉంది.

కొత్త విభాగాధిపతి తరఫ్‌దార్ నవ్వేశాడు. "డబ్బాలో పదకొండు ఉన్నాయి కదయ్యా. ఒకటి కట్టెయ్. ఎవడు చూడొచ్చాడు?"

నిమాయ్ డబ్బా తెరిచాడు. ముసలివాళ్ళ హయాయిడ్ కొమ్ములు అతుక్కుని ఒకే ముక్కగా ఉంటుంది. డబ్బాలో ఉన్నవి చాలావరకు చిన్నవాళ్ళవి, విడి ముక్కలు. అతుక్కున్నది ఒకటి దొరికింది. చిన్నది, ఎవరో ఆడమనిషిది. తీగతో కట్టాడు. దూరం నుంచి బాగానే ఉంది. రెండు రోజులు అలాగే ఉంచాడు. మూడోరోజు ఉదయం విప్పి డబ్బాలో పెట్టేశాడు.

ఆ రోజే తల్లీకూతుళ్ళు వచ్చారు. కేతకి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. చారుశీల దగ్గరకు వచ్చి కింది నుంచి పైదాకా చూసింది.

"మనిషి ఇంకా పొడుగ్గా ఉండేవారు."

"కీళ్ళన్నీ బిగించాను అమ్మా. వెన్నుపూసల మధ్య మెత్తలు ఉండవు కదా. అందుకని."

"నీ గురించే చెబుతుండేవారు. ఆయన అంతా ఉన్నారా? తక్కువేం లేదుగా?"

తరఫ్‌దార్ ఏదో అనబోయాడు. నిమాయ్ అస్థిపంజరం వైపు చూశాడు. ఆమె చేతికి శంఖం గాజులు ఉన్నాయి. పోయిందని చెప్పి ఊరుకోవచ్చు. నీళ్ళలో కొట్టుకుపోయిందని చెప్పవచ్చు.

"ఒకటి లేదమ్మా. గొంతులోది. నా తప్పు."

"ఎక్కడికి పోయింది?"



"కాలిపోయింది. చూసుకోకుండా వెనక గుంటలో వేసేశాను."

"అమ్మా, ఇక పద," అంది కేతకి.

చారుశీల కదల్లేదు. "నిప్పు ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఏ రోజు?"

"శనివారం. ఫాల్గుణంలో. తిథి తెలియదమ్మా."

"తెలియదు," అంది ఆమె, అదే మాట మళ్ళీ అప్పజెబుతున్నట్టు. కూతురి భుజం పట్టుకుని మెట్లు దిగింది.

తరఫ్‌దార్ వెనక్కి తిరిగి, "ఒక చిన్న ఎముకకి ఇంత అవసరమా?" అన్నాడు. నిమాయ్ బరమా తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు.

పది రోజుల తర్వాత ఆమె ఒక్కతే వచ్చింది. తెల్లచీర. పాపిట బోసిగా ఉంది. యాభై ఏళ్ళు గాజులున్న చోట మణికట్టు చుట్టూ చర్మం పాలిపోయి, ఇంకా గాజు ఉన్నట్టే కనిపిస్తోంది. నిమాయ్ ఆ చేతుల వైపు చూసి తలదించుకున్నాడు. శపిస్తుందేమోనని ఎదురుచూశాడు. ఆమె శపించలేదు.

"అది ఎక్కడుంటుందో చూపించు."

అతను అస్థిపంజరాన్ని చూపించలేదు. అక్కడ రెండు తీగ కొసలు మాత్రం ఉన్నాయి. తన గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకున్నాడు, గడ్డానికి కింద.

"ఇక్కడమ్మా. గుటక వేస్తే కదులుతుంది."

ఆమె తన గొంతు మీద వేళ్ళు పెట్టుకుంది. గుటక వేసింది. వేళ్ళ కింద ఏదో పైకి లేచి, కిందికి దిగింది. ఆమె మళ్ళీ వేసింది. ఆ తర్వాత గొంతు ఎండిపోయి, గుటక పడలేదు.